పాలన చూడని నాయకుడు: సుందరయ్య రాజకీయ జీవితంపై ఒక సమీక్ష

మన దేశంలో కమ్యూనిస్టు పార్టీలను నడిపిన ప్రధాన కార్యదర్శుల పేర్లు వరసగా రాసుకుంటూ పోతే తెలుగువాళ్లు అడుగడుగునా తగులుతారు. పుచ్చలపల్లి సుందరయ్య, చండ్ర రాజేశ్వరరావు, సురవరం సుధాకర్‌రెడ్డి, సీతారాం ఏచూరి. అడవిదారి పట్టిన పార్టీల్లో కొండపల్లి సీతారామయ్య, ముప్పాళ్ల లక్ష్మణరావు, నంబాల కేశవరావు. 1964 చివరినుంచి పదేళ్లకు పైగా దేశంలోని రెండు పెద్ద కమ్యూనిస్టు పార్టీల పగ్గాలూ తెలుగువాళ్ల చేతుల్లోనే ఉన్నాయి.

ఇప్పుడు కమ్యూనిస్టు ముఖ్యమంత్రుల పేర్లు రాయండి. కేరళ నుంచి వస్తారు, బెంగాల్ నుంచి వస్తారు, త్రిపుర నుంచి వస్తారు. తెలుగునేల నుంచి ఒక్కరూ లేరు.

ఈ రెండు జాబితాల మధ్య ఉన్న ఎడమే ఈ వ్యాసం విషయం. దేశంలోనే బలమైన రైతు పోరాటం నడిపినవాళ్లు, 1952లో అధికారం గడపదాకా వచ్చినవాళ్లు లోపలికి ఎందుకు వెళ్లలేకపోయారు? ఆ ప్రశ్నను సుందరయ్య జీవితం మీద పెట్టి చూస్తున్నాను. కారణం ఉంది. ఉద్యమం ఎక్కిన ప్రతి మెట్టు మీదా, దిగిన ప్రతి మెట్టు మీదా ఆయన అడుగు కనిపిస్తుంది.

నేను గూడూరువాణ్ణి. 2022లో మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, జిల్లా గీతలు ఎన్నిసార్లు మారినా మా మాటా మా రాజకీయమూ నెల్లూరువే. మా వైపు సుందరయ్య పేరెత్తితే ముందు సైకిలు మాట వస్తుంది. తర్వాత ఆస్తి పార్టీకి ఇచ్చేసిన మాట. ఆ తర్వాత పిల్లలు వద్దనుకున్న మాట. కమ్యూనిస్టు గాంధీ అని చేతులు జోడిస్తారు. అక్కడితో సంభాషణ అయిపోతుంది. నా బాధ అక్కడే మొదలవుతుంది. ఆయన మంచితనాన్ని తలుచుకుని తలుచుకుని ఆయన రాజకీయాన్ని మరిచిపోయాం. దండ వేసిన పటాన్ని ఎవరూ ప్రశ్న అడగరు. సుందరయ్య మాత్రం ప్రశ్నలు అడిగించుకున్న మనిషి, ఎవరూ అడగకపోయినా కూర్చుని జవాబు రాసిన మనిషి.

అళగానిపాడు నుంచి

పెన్నా డెల్టాలో, విడవలూరు దగ్గరి అళగానిపాడులో 1913 మే 1న ఆయన పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. చేతినిండా పొలమున్న కుటుంబం. ఆరేళ్లకే తండ్రి పోయారు. మద్రాసు లయోలా కాలేజీలో చదువుతూ 1930లో సత్యాగ్రహంలోకి దూకారు. వయసు చిన్నది కావడంతో తంజావూరు బోర్‌స్టల్ జైలుకు పంపారు. కమ్యూనిస్టుల పరిచయం అక్కడ కలిగింది. అప్పట్లో దక్షిణాదిలో కమ్యూనిస్టు పార్టీని కడుతున్న అమీర్ హైదర్ ఖాన్ ఆయన్ను పార్టీలోకి తీసుకొచ్చారు. పేరులోంచి ‘రెడ్డి’ రాలిపోయింది.

జైలునుంచి వచ్చాక ఊళ్లో ఆయన మొదలుపెట్టిన పని వ్యవసాయ కూలీల సంఘం. ఈ సంగతి మీద కొంచెం ఆగాలి. ఆ రోజుల్లో మన జిల్లాలో రాజకీయమంటే జమీందారుకూ రైతుకూ మధ్య తగాదా. వెంకటగిరి జమీందారీ మీద రైతులు కదిలారు, ‘జమీన్ రైతు’ పత్రిక ఆ పేరుతోనే నెల్లూరులో పుట్టింది. రైతు కింద ఉన్న కూలీ ఆ చిత్రంలో ఎక్కడో మూల కనిపించేవాడు. పొలమున్న ఇంటి కుర్రవాడు తన ఇంటి పొలంలో పనిచేసేవాళ్లనే కూడగట్టడం, వాళ్ల వాడకు వెళ్లి పక్కన కూర్చుని అన్నం తినడం ఊరు సహించే పని కాదు. ఆయన రాజకీయం తన ఇంటిమీద తిరుగుబాటుతో మొదలైంది.

1934 నాటికి ఆంధ్రలో పార్టీ రూపం తీసుకుంది. అమీర్ హైదర్ ఖాన్ అరెస్టయ్యాక దక్షిణాదిలో పార్టీని కట్టే పని ఈ ఇరవై రెండు ఇరవై మూడేళ్ల యువకుడి మీద పడింది. పైకి కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ, లోపల కమ్యూనిస్టు పార్టీ. ఆ తిరుగుళ్లలోనే కేరళలో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్‌నూ, పి. కృష్ణపిళ్లైనూ కమ్యూనిస్టు పార్టీ వైపు తిప్పినవారిలో సుందరయ్య ముఖ్యుడు. తర్వాత ఇరవై ఏళ్లకు ఆ నంబూద్రిపాద్ కేరళ ముఖ్యమంత్రి అయ్యారు. అళగానిపాడు నుంచి వెళ్లిన విత్తనం అక్కడ పండింది. ఇక్కడెందుకు పండలేదన్నదే మన ప్రశ్న. దానికి ఇప్పటిదాకా వినిపించిన జవాబులు నాలుగు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి జవాబు: తెలంగాణలో ఎక్కువకాలం తుపాకి పట్టడం

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు ఒరిగాడు. అక్కడినుంచి 1951 అక్టోబరు దాకా నడిచిన తెలంగాణ సాయుధ రైతు పోరాటం లెక్కను సుందరయ్య 1972లో రాసిన పుస్తకంలో ఇచ్చారు. దాదాపు 3,000 గ్రామాలు, 10 లక్షల ఎకరాల పంపకం, 4,000 మంది మరణం, 10,000 మంది జైలు. కోస్తా నుంచి వెళ్లి అడవుల్లో దళాలతో తిరిగి ఆ పోరాటాన్ని నడిపిన నాయకుల్లో ఆయన ఒకరు.

1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం లొంగిపోయాక తుపాకి దించాలా, పట్టుకునే ఉండాలా? ఆ పోరాట నాయకుల్లోనే ఒకరైన రావి నారాయణరెడ్డి దించాలన్నారు. నిజాం పోయాడు, ప్రజలు యూనియన్ ప్రభుత్వాన్ని తమదిగా చూస్తున్నారు, ఇక పోరాడితే ఒంటరివాళ్లమవుతామన్నారు. సుందరయ్య పక్షం వాదన వేరు. సైన్యం వెనకే దేశ్‌ముఖ్‌లు ఊళ్లకు తిరిగొస్తున్నారు, పంచిన భూమిని గుంజుకుంటారు, ఆ భూమిని కాపాడకుండా వదిలేస్తే నమ్మి వచ్చిన రైతును వదిలేసినట్టే.

ఇన్నేళ్ల తర్వాత చూస్తే ఇద్దరి మాటలోనూ నిజముంది. 1948 తర్వాతి మూడేళ్లలో ఉద్యమం మైదానాల ఊళ్లను చాలావరకు పోగొట్టుకుని గోదావరి, నల్లమల అడవుల్లోకి నెట్టబడింది. ప్రాణనష్టం ఎక్కువగా జరిగిందీ అప్పుడే. ఆ లెక్కన రావి నారాయణరెడ్డి హెచ్చరిక నిలిచింది. కానీ ఆ మూడేళ్లు పోరాడకుండా ఉంటే హైదరాబాదులో 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం అంత తొందరగా వచ్చేవా? 1951 ఏప్రిల్‌లో వినోబా భావే పోచంపల్లికి వచ్చి భూదానం అడగవలసిన అవసరం పడేదా? తెలంగాణ నిప్పు రగిలించకపోతే ఢిల్లీకి భూమి సమస్య అంత వేడిగా తగిలేది కాదు.

ఈ పోరాటం ఎన్నికల్లో దెబ్బ తీసిందనే మాట మాత్రం నిలవదు. 1952లో హైదరాబాదు రాష్ట్రంలో పార్టీ మీద నిషేధముంటే పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పి.డి.ఎఫ్.) పేరుతో నిలబడి 42 సీట్లు గెలిచారు. నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు. తుపాకి దించిన కొద్ది నెలలకే ప్రజలు ఓటిచ్చారు. కాబట్టి అధికారం తప్పిపోయిన చోటు మరెక్కడో ఉంది.

రెండో జవాబు: 1955 లెక్క

ఆ చోటు 1955. తెలుగు రాజకీయ చరిత్రలో ఇంతటి మలుపుకు ఇంత తక్కువ చర్చ జరగడం నాకు ఆశ్చర్యం.

1952లో మద్రాసు శాసనసభకు ఆంధ్ర జిల్లాలనుంచి వెళ్లిన 140 మందిలో 41 మంది కమ్యూనిస్టులు. కాంగ్రెస్‌కన్నా ఒకటి ఎక్కువ. సుందరయ్య మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యసభకు వెళ్లి కమ్యూనిస్టు సభ్యులకు నాయకుడయ్యారు. పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లిన కథ ఆ కాలానిది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. 1952లో కమ్యూనిస్టులతో కలిసి కూటమి కట్టిన ప్రకాశం పంతులు ఈసారి కాంగ్రెస్ అండతో ముఖ్యమంత్రి అయ్యారు. 1954 నవంబరులో మద్యనిషేధం విషయంలో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. మధ్యంతర ఎన్నికలొచ్చాయి.

ఈసారి మనదేనని కమ్యూనిస్టులు నమ్మారు. ఎదుటివాళ్లూ అంతే నమ్మారు, భయపడ్డారు. ఆ భయమే వాళ్లను కలిపింది. కాంగ్రెస్, ఎన్.జి. రంగా కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశం ప్రజా పార్టీ ఒక్క కూటమిగా నిలబడ్డాయి. బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్ వచ్చి ప్రచారం నడిపారు. అదే జనవరిలో మాస్కోలో ‘ప్రావ్దా’ పత్రిక నెహ్రూ ప్రభుత్వ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ రాసింది. కాంగ్రెస్‌వాళ్లు ఆ వ్యాసాన్ని ఊరూరా చదివి వినిపించారు. మీ రష్యానే మమ్మల్ని మెచ్చుకుంటుంటే మీరెందుకని అడిగితే ఊళ్లో కార్యకర్త ఏం చెప్తాడు?

ఫలితం: 196 సీట్లలో కూటమికి 146. కమ్యూనిస్టులకు 15. ఓట్లు మాత్రం 31 శాతం. అంటే 1952కన్నా ఓట్లు పెరిగాయి, సీట్లు కుప్పకూలాయి. నూటికి 31 ఓట్లకు నూటికి ఎనిమిది సీట్లు కూడా రాలేదు.

ఇప్పుడు కేరళ వైపు చూడండి. 1957లో కమ్యూనిస్టులకు వచ్చింది 35 శాతం. మనకన్నా నాలుగంటే నాలుగు శాతం ఎక్కువ. సీట్లు 126లో 60. ఐదుగురు స్వతంత్రుల మద్దతుతో ప్రభుత్వం. తేడా ఎక్కడుంది? అక్కడ ఎదుటి పార్టీలు విడివిడిగా నిలబడ్డాయి, ఇక్కడ కలిసి నిలబడ్డాయి. దీనికి రుజువు మళ్లీ కేరళే ఇచ్చింది. 1960లో అక్కడి ప్రత్యర్థులు ఏకమయ్యారు. కమ్యూనిస్టుల ఓట్లు 39 శాతానికి పెరిగాయి, సీట్లు 29కి పడిపోయాయి. ఆంధ్రలో 1955లో జరిగిందే ఐదేళ్ల తర్వాత అక్కడా జరిగింది.

కాబట్టి ఆంధ్ర కమ్యూనిస్టులను 1955లో ప్రజలు తిరస్కరించారన్న మాట నిలవదు. వాళ్లు ఓడింది పొత్తుల్లో. తమకు వచ్చే ఓట్లను లెక్కపెట్టుకున్నారు గానీ, తమ బలమే ఎదుటివాళ్లను ఒక్కటి చేస్తుందన్నది లెక్కలోకి తీసుకోలేదు. ఈ తప్పులో అప్పటి రాష్ట్ర నాయకత్వం అంతటికీ వాటా ఉంది, సుందరయ్యకూ ఉంది.

ఆ ఎన్నికల తర్వాత ముఖ్యమంత్రి అయినవారు బెజవాడ గోపాలరెడ్డి. బుచ్చిరెడ్డిపాళెం ఆయనది. గన్నవరం నుంచి గెలిచి శాసనసభలో కమ్యూనిస్టు పక్షానికి నాయకత్వం వహించిన సుందరయ్యది అళగానిపాడు. రెండూ పెన్నా నీళ్లు తాగే ఊళ్లే. ఇద్దరూ ఒకే కులం, ఒకే తరం, ఇద్దరూ జాతీయోద్యమంలోంచి వచ్చినవాళ్లే. శాంతినికేతన్‌లో చదివిన ఒకరు పాలించే కుర్చీలో, తంజావూరు బోర్‌స్టల్ చూసిన ఇంకొకరు ఎదుటి బల్ల మీద. నెల్లూరు జిల్లా ఆ సభకు ఏలికనూ ఇచ్చింది, ఎదురు నిలిచినవాణ్ణీ ఇచ్చింది.

మూడో జవాబు: కులం

1956లోనే అమెరికన్ రచయిత సెలిగ్ హారిసన్ ఒక వాదన తెచ్చారు. డెల్టాలో కమ్యూనిస్టు నాయకత్వం భూమి ఉన్న కమ్మ కుటుంబాల్లోంచి, కాంగ్రెస్ నాయకత్వం రెడ్డి కుటుంబాల్లోంచి వచ్చిందనీ, ఈ రెండు కులాల పోటీయే ఎర్రజెండాకు బలమైందనీ, 1955లో కాంగ్రెస్ కమ్మవారినీ తనవైపు తిప్పుకోవడంతో ఆ బలం విరిగిందనీ ఆయన రాశారు.

ఈ వాదనలో కొంత నిజముంది, చాలా కొరత ఉంది. కులమే అంతా అయితే సుందరయ్య ఎక్కడ ఇముడుతారు? రెడ్డి ఇంట పుట్టి కృష్ణా జిల్లా గన్నవరంలో గెలిచిన మనిషి. అనంతపురంలో 1952లో నీలం సంజీవరెడ్డిని ఓడించిన తరిమెల నాగిరెడ్డి సంజీవరెడ్డికి స్వయానా బావమరిది. కులమూ చుట్టరికమూ ఒకటైనా జెండాలు వేరయ్యాయి. ఓడిన బావగారు తర్వాత రాష్ట్రపతి అయ్యారు. గెలిచిన బావమరిది తర్వాత శాసనసభను వదిలి విప్లవ మార్గం పట్టారు.

అసలు కొరత వేరే చోట ఉంది. హారిసన్ పైనున్న రెండు కులాలను చూశారు, కింద జెండా మోసినవాళ్లను చూడలేదు. కోస్తా ఊళ్లలో ఊరేగింపులో ముందు నడిచింది మాల మాదిగ కూలీలు. ఆ ఊరేగింపును నడిపించింది భూమి ఉన్న ఇళ్ల బిడ్డలు. వాళ్లలో సుందరయ్యలాంటి వాళ్లు కులం వదిలేశారు, ఆస్తి వదిలేశారు. ఆ త్యాగం నిజం. అయితే పైవాడు కులం వదులుకోవడంతో కిందివాడి మీద కులం బరువు తగ్గలేదు. పార్టీ కూలి రేటు అడిగింది, భూమి అడిగింది. నాయకత్వంలో దళితుడి చోటు ఏమిటని తనను తాను గట్టిగా అడగలేదు.

1985 మే 19న సుందరయ్య మద్రాసులో కన్నుమూశారు. రెండు నెలలకే, జులై 17న కారంచేడులో మారణకాండ జరిగింది. ఆరుగురు దళితులు హతమయ్యారు. సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. ఆ రోజునుంచి తెలుగు వామపక్షాన్ని దళిత రచయితలూ కార్యకర్తలూ అడుగుతున్న ప్రశ్నలను నేను శత్రువుల ప్రశ్నలుగా చదవను. 1930ల అళగానిపాడులో ఆ పాతికేళ్లు నిండని యువకుడు మొదలుపెట్టి, పార్టీ మధ్యలో వదిలేసిన పనిని వాళ్లు అక్కడినుంచి అందుకున్నారు. నా మాటగా చెప్పాలంటే నాలుగు జవాబుల్లో లోతైనది ఇదే. 1955 లెక్క ఆ ఎన్నికను వివరిస్తుంది. ఆ తర్వాత మళ్లీ ఎందుకు లేవలేదన్నది ఇక్కడ తేలుతుంది.

నాలుగో జవాబు: చీలికలు

1962లో కమ్యూనిస్టులు ఆంధ్రప్రదేశ్‌లో 300కు 51 సీట్లు తెచ్చుకున్నారు. కోలుకున్నట్టే కనిపించారు. 1964 జులైలో తెనాలిలో ఒక వర్గం విడిగా సమావేశమైంది. ఆ ఏడాది చివర కలకత్తా మహాసభలో కొత్త పార్టీ, సి.పి.ఐ.(ఎం), సుందరయ్యను ప్రధాన కార్యదర్శిగా ఎన్నుకుంది. డిసెంబరు ఆఖరున అరెస్టులు మొదలయ్యాయి. 1966 దాకా ఆయన జైల్లోనే ఉన్నారు. అదే కాలంలో అటు సి.పి.ఐ.కి చండ్ర రాజేశ్వరరావు ప్రధాన కార్యదర్శి అయ్యారు. తెలంగాణ పోరాటంలో కలిసి నడిచిన ఇద్దరు తెలుగువాళ్లు రెండు పార్టీలకు పెద్దలుగా ఎదురెదురు నిలబడ్డారు.

1967లో లెక్క తేలింది. సి.పి.ఐ.కి 11, సి.పి.ఐ.(ఎం)కు 9. రెండూ కలిపి 287లో 20. అంతటితో ఆగలేదు. అదే ఏడు బెంగాల్‌లో నక్సల్బరీ తిరుగుబాటు. 1968లో సి.పి.ఐ.(ఎం) బర్ద్వాన్ ప్లీనం తర్వాత ఆ పార్టీ ఆంధ్ర రాష్ట్ర శాఖలో పెద్దభాగం తరిమెల నాగిరెడ్డి, చండ్ర పుల్లారెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు వెంట బయటికి నడిచింది. శ్రీకాకుళం కొండల్లో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం గిరిజనులతో కలిసి తిరగబడి 1970లో ప్రాణాలు వదిలారు. కుడివైపున ఒక చీలిక, ఎడమవైపున ఇంకొకటి. దేశం మొత్తానికి పార్టీ నాయకుడైన మనిషికి సొంత రాష్ట్రంలో కాళ్లకింద నేల జారిపోయింది.

బెంగాల్, కేరళ పార్టీలూ చీలాయి. అయినా అక్కడ పెద్ద ముక్క ఒకచోట నిలిచింది. ఇక్కడ మూడు నాలుగు ముక్కలు దాదాపు సమానమై ఏదీ నిలబడలేదు. ప్రతి ముక్కా తెలంగాణకు తానే వారసుణ్ణనుకుంది. పోరాటం ఎంత గొప్పదో వారసత్వ తగాదా అంత తీవ్రమైంది. సుందరయ్య 1972లో తెలంగాణ పోరాటం మీద అంత పెద్ద పుస్తకం రాయడానికి ఇది ముఖ్య కారణమని నేననుకుంటాను. గెలుపు గాథ రాయాలనుకుంటే అంత పుస్తకం అక్కర్లేదు. ఎక్కడ సరిగా చేశాం, ఎక్కడ పొరపడ్డాం, ఎంతమందిని పోగొట్టుకున్నాం అని తర్వాతి తరానికి అప్పజెప్పిన లెక్క అది.

1975: కుర్చీ దిగిన ఉత్తరం

1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది.  ఆగస్టు 22న సుందరయ్య ప్రధాన కార్యదర్శి పదవికీ పొలిట్‌బ్యూరోకూ రాజీనామా ఉత్తరం రాశారు. ఇందిరాగాంధీకి ఎదురు నిలిచే పేరుతో జనసంఘ్‌తో, దాని వెనకున్న ఆర్.ఎస్.ఎస్.తో చేయి కలపడానికి కేంద్ర కమిటీలో మెజారిటీ ఒప్పుకోవడం ఆయన చెప్పిన కారణాల్లో మొదటిది. రైతు, కార్మిక సంఘాల పని మీదా, పార్టీ నిర్మాణం మీదా తనకున్న తేడాలను కూడా ఒక్కొక్కటిగా రాశారు. 1978లో జలంధర్ మహాసభ నంబూద్రిపాద్‌ను ఆ స్థానంలో ఎన్నుకుంది.

ఈ తేదీల మధ్య ఒక ఏడాది ఉంది. 1977 జూన్‌లో జ్యోతిబసు బెంగాల్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పాలన 2000 నవంబరు దాకా ఆయన చేతుల్లోనే సాగింది. పార్టీకి అధికార కాలం మొదలయ్యేసరికి, దాన్ని పదకొండేళ్లు నడిపిన మనిషి పదవి వద్దని రాసిచ్చి ఉన్నాడు.

ఆ నిర్ణయం సరైనదా అన్న చర్చ ఇంకా ఉంది. ఎమర్జెన్సీలాంటి ఆపదలో ఎవరితోనైనా కలవాల్సిందేనన్న వాదనను కొట్టెయ్యలేం. అప్పుడు జైళ్లలో ఉన్నవాళ్లందరూ కలిసి నిలబడకపోతే 1977 ఫలితం వచ్చేది కాదు. ఆ తర్వాతి యాభై ఏళ్లలో దేశ రాజకీయం తిరిగిన దారి చూస్తే సుందరయ్య భయం వట్టిది కాదనీ చెప్పాలి. ఇద్దరూ చూసినది నిజమే. ఒకరు ఆ ఏడాదిని చూశారు, ఒకరు రాబోయే తరాన్ని చూశారు.

నాకు ముఖ్యమనిపించేది ఆ ఉత్తరం రాసిన తీరు. ప్రపంచంలో కమ్యూనిస్టు దేశాధినేతల జీవితాలు చదవండి. బల్గేరియాలో తోదోర్ జివ్‌కోవ్ 1954 నుంచి 1989 దాకా 35 ఏళ్లు పార్టీని గుప్పిట పెట్టుకున్నాడు, చివరికి సొంత సహచరులే దించేదాకా. రుమేనియాలో 1965లో పగ్గాలు పట్టిన చౌషెస్కూను 1989 క్రిస్మస్ నాడు తుపాకులు దించాయి. టిటో, హోచిమిన్ లాంటి పెద్దవాళ్లు చనిపోయేదాకా పదవిలోనే ఉన్నారు. ఆ దారిలో పైదాకా వెళ్లినవాళ్లలో, నా మాట కమిటీలో నెగ్గలేదు కాబట్టి పదవిలో ఉండే హక్కు నాకు లేదని కారణాలు రాసి దిగినవాళ్లు బహు అరుదు. సుందరయ్య చేతిలో రాజ్యం లేదు నిజమే. చేతిలో ఉన్నదాన్ని వదులుకునే పద్ధతి మాత్రం ఆయన చూపించారు.

దిగి ఇంట్లో కూర్చోలేదు. రాష్ట్రానికి తిరిగొచ్చారు. 1978లో మళ్లీ గన్నవరం నుంచి గెలిచి శాసనసభకు వెళ్లారు. ఆ సభలో సి.పి.ఐ.(ఎం)కు ఉన్నది 8 మంది. అఖిల భారత నాయకుడిగా ఉన్నవాడు 294 మందిలో ఎనిమిది మందికి ముందు నిలబడి జిల్లా సమస్యలు మాట్లాడారు. దీన్ని దిగజారడంగా ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

పుస్తకంలోని రాష్ట్రం, నేల మీది రాష్ట్రం

ఆయన జీవితంలో సగం నెరవేరిన కల ఒకటుంది. 1946లో ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ రాశారు. తెలుగువాళ్లంతా ఒక రాష్ట్రమై, భూమి దున్నేవాడిదై, నదుల నీళ్లు అందరికీ పారాలన్నది అందులోని చిత్రం. నిజాం ఇంకా గద్దె మీద ఉన్నాడు, బ్రిటిష్‌వాళ్లు దేశం వదలలేదు. ఆ స్థితిలో కూర్చుని రాష్ట్రానికి ప్రణాళిక రాశారు. పదేళ్లకు, 1956 నవంబరు 1న విశాలాంధ్ర వచ్చింది. ప్రజారాజ్యం రాలేదు.

1969లో తెలంగాణ, 1972-73లో ఆంధ్ర ప్రాంతం విడిపోతామని లేచినప్పుడు ఆయన సమైక్యత వైపు గట్టిగా నిలిచారు. 2014 జూన్ 2న ఆ రాష్ట్రం విడిపోయింది. తెలంగాణ వైపునుంచి చూసేవాళ్లకు ఈ విషయంలో ఆయన పొరపడ్డట్టే కనిపిస్తుంది, వాళ్ల వేదనకు కారణాలున్నాయి. నాకు ఒకటే అనిపిస్తుంది. భూమీ నీళ్లూ ఉద్యోగాలూ న్యాయంగా పంచితేనే భాష కలిపి ఉంచుతుందని 1946 పుస్తకమే చెప్పింది. పేరులోని రెండు మాటల్లో మొదటిదాన్ని తీసుకుని రెండోదాన్ని వదిలేస్తే మొదటిదీ మిగలదని 2014 చెప్పింది.

గూడూరు నుంచి చూస్తే

నాలుగు జవాబులూ కలిపి చూస్తే నాకు తేలినది ఇది. తెలంగాణలో తుపాకి ఆలస్యంగా దించడం ప్రాణాలు తీసింది గానీ అధికారాన్ని తీయలేదు. 1955లో పొత్తుల లెక్క తప్పి చేతికొచ్చినది జారింది. జారినదాన్ని మళ్లీ అందుకోలేకపోవడానికి చీలికలు పైకి కనిపించే కారణం. నాయకత్వంలో కూలీకి, దళితుడికి దక్కని చోటు లోపలి కారణం. ఈ నాలుగింట్లోనూ సుందరయ్య ఉన్నారు, కొన్నిటికి బాధ్యుడిగా, కొన్నిటిని ముందే చూసినవాడిగా.

మరి ఆయన రాజకీయ జీవితం ఓటమేనా? దీనికి జవాబు కోసం మా ఊరిని చూస్తాను. గూడూరు చుట్టూ సైదాపురం వైపు అభ్రకం గనులు, చిల్లకూరు, కోట వైపు సిలికా ఇసుక. గనుల్లో రాయి కొట్టినవాళ్లకూ, మైకా రేకులు చీల్చిన ఆడవాళ్లకూ ఆ గనులమీద వాటా ఏనాడూ లేదు. పేదలకు ఉమ్మడిగా ఇచ్చిన సి.జె.ఎఫ్.ఎస్. భూముల హక్కుల గొడవ మా జిల్లాలో దశాబ్దాలు సాగింది. 2009 నుంచి గూడూరు శాసనసభ స్థానం దళితులకు రిజర్వు అయింది. చట్టసభలో చోటు వచ్చింది, పొలంలో చోటు ఇంకా సరిగా రాలేదు. 1930ల్లో అళగానిపాడు కూలీవాడలో అడిగిన ప్రశ్న ఈ తీరంలో ఇప్పటికీ ముగియలేదు. ప్రశ్న ముగియనప్పుడు దాన్ని అడిగినవాడు ఓడిపోయాడని ఎలా తేలుస్తాం?

వెంకటగిరి జమీందారీ పోయింది, జాగీర్లు పోయాయి, కౌలు చట్టాలు వచ్చాయి, భూపరిమితి చట్టం వచ్చింది. ఇవన్నీ చేసిన ప్రభుత్వాలు సుందరయ్యవి కావు. కానీ ఆయనా ఆయనతోటివాళ్లూ ఎదురుగా నిలబడకపోతే ఆ ప్రభుత్వాలు వాటిని చేసేవి కావు, చేసినా ఇంకా ఆలస్యమయ్యేది. కుర్చీ ఎక్కనివాడు కూడా పాలనను కదిలించగలడన్నది ఆయన జీవితం ఇచ్చే మొదటి పాఠం.

రెండో పాఠం నాకు ఇంకా దగ్గరిది. 1946లో ఏం చేస్తామో రాశారు. 1972లో ఏం చేశామో రాశారు. 1975లో ఎందుకు దిగుతున్నానో రాశారు. చివర్లో ‘విప్లవ పథంలో నా పయనం’ అంటూ తన జీవితాన్నే విప్పి పెట్టారు. మాట ఇవ్వడం, చేసినదానికి లెక్క చెప్పడం, పొసగనప్పుడు కారణం చెప్పి దిగడం, రాజకీయ నాయకుడి నుంచి ప్రజలు అడగగలిగినవి ఈ మూడే. ఈ మూడింటికీ కాగితం మీద సాక్ష్యం వదిలి వెళ్లిన తెలుగు నాయకులు ఎందరున్నారో మీరే లెక్కపెట్టండి.

సైకిలు కథ మన పిల్లలకు తప్పకుండా చెబుదాం. ఆ మర్నాడు 1955 ఫలితాల పట్టికా, 1975 ఉత్తరమూ వాళ్ల చేతికిచ్చి, ఈయన ఎక్కడ సరి, ఎక్కడ తప్పు అని అడుగుదాం. అలా అడిగితే ఆయనకు కోపం రాదు. జీవితమంతా ఆ ప్రశ్నలకు జవాబులు రాస్తూనే ఉన్నారు. చదవవలసింది మనం.